అన్నీ ఒచ్చినయ్, ఇంటికి పోదాం పా

మే నెల మూడో తారీఖు, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఫౌజు పోస్టు చేరాను. కింద బేస్ నుంచి నాలుగున్నర గంటల ఎక్కుడు. వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు. అందులో ఆరు కిలోలు రేడియో సెట్టు బ్యాటరీలే. ఎత్తు పదిహేను వేల ఐదు వందల అడుగులు. చెట్టు లేదు, పొద లేదు. రాళ్లు, ఇసుక సంచులు పేర్చి కట్టిన మూడు బంకర్లు, ఒక జెండా కర్ర, పద్నాలుగు మంది మనుషులు. లడఖ్‌లో అది ఎక్కడో అడగకండి, చెప్పను.

మా కోస్గి బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు, ఎవరినైనా కాల్చినవా అని. కాల్చలేదు. పదకొండు నెలలు రేడియో సెట్టు ముందు కూర్చున్నాను. గంట గంటకూ కిందికి వాతావరణం చెప్పాను. ఈ మాట చెప్పగానే అడిగినవాడి ముఖం చిన్నబోతుంది, చాయ్ గ్లాసు వైపు తిరుగుతాడు. అందుకే ఈ ముచ్చట ఎవరికీ చెప్పలేదు. ఇది ఒక కుక్క ముచ్చట. వినేవాళ్లు వినండి, లేనివాళ్లు చాయ్ తాగండి.

ఆ రోజు పోస్టు దారి మొగదల నన్ను మొదట చూసింది ఆ కుక్కే. అక్కడ మంచం అంత పలక రాయి ఒకటి ఉంది. కింది నుంచి వచ్చే బాట ఆ రాయి దగ్గర పోస్టులోకి తిరుగుతుంది. దాని మీద కూర్చుని ఉంది. మొరగలేదు. కర్రెటి ఒళ్లు, గొంగడి లాంటి బొచ్చు, నొసటి మీద అరచేతంత తెల్ల మచ్చ. ఆయాసంతో రాయికి ఆనుకుని, నోటికొచ్చిన మాట అనేశాను. "ఏమే బొల్లీ."

మా దిక్కు మచ్చ ఉన్న గొర్రెనైనా బర్రెనైనా బొల్లి అంటాం. అంతకుముందు దానికి పేరు లేదట. పోస్టులో ఎక్కువమంది హిందీ వాళ్లు. వాళ్ల చెవికి అది 'బోలీ' అని వినపడింది. బోలీ అంటే మాట. మాట్లాడని కుక్కకు మాట అని పేరు పెట్టాడు ఈ మద్రాసీ అని నవ్వుకున్నారు. నేను మద్రాసీని కాదు, తెలంగాణ అని ఎంత మొత్తుకున్నా ఎవడూ వినలేదు. మా రాష్ట్రం వచ్చి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. ఆ సంగతి ఆ గుట్ట మీదికి ఇంకా ఎక్కలేదు.

తెలుగు మాట్లాడేవాడు ఇంకొక్కడే ఉన్నాడు. వంట మనిషి. ఊరు మోత్కూరు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, అందుకని అన్నా అనేవాణ్ని. అంత ఎత్తులో నీళ్లు తొందరగా మరుగుతాయి గానీ బియ్యం ఉడకవు. కుక్కర్‌లో పెట్టినా పలుకు పోదు. మొదటి పూట అన్నం పెడుతూ నా ముఖం చూసి అన్నాడు. "ఈడ బియ్యం ఉడకయి తమ్మీ. బతిమిలాడితే జర మెత్తబడ్తయి."

ఆ గుట్ట మీద జంతువులు మనుషుల గడియారాలు నేర్చుకున్నాయి. పసుపు ముక్కు నల్ల కాకులు ఉండేవి. పొద్దున ఏడున్నరకు వంట బంకరు వెనక తొమ్మిది వాలేవి, ఆదివారం మాత్రం ఎనిమిదిన్నరకు. ఆదివారం మాకు పూరీలు ఆలస్యంగా అవుతాయి. వాటికి వారం ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక నక్క ఉండేది. బొల్లి తినగా మిగిలింది దాని కోసం రాయి పక్కన ఉండేది. నక్క వచ్చి తినిపోయేదాకా బొల్లి ముఖం అటు తిప్పుకుని కూర్చునేది, చూడనట్టు. మా ఇంటి పక్క ముసలమ్మ అప్పు అడగడానికి వచ్చినవాళ్లను అట్లాగే చూడనట్టు కూర్చుంటుంది.

ఖాళీ సమయం చాలా ఉండేది. నేను కురుమోళ్ల ఇంట పుట్టాను. మాకు డెబ్బై, ఎనభై గొర్లు. చేతికింద కుక్క ఉంటే ఊరికే ఉంచడం మాకు రాదు. బొల్లికి మా బాపు పద్ధతి నేర్పాను.

బాపు పద్ధతి రెండు మాటలు. ఒకటి, 'కావలుండు'. మంద దగ్గర కుక్కను వదిలి పోయేటప్పుడు చెప్పే మాట. ఆ మాట పడితే కుక్క ఆ జాగా వదలదు. పరాయి చెయ్యి పెట్టిన కూడు ముట్టదు, ఎందుకంటే గొర్ల దొంగలు ముందు కుక్కకే పెడతారు. పరాయి గొంతు పిలిస్తే కదలదు. రెండోది విడుదల మాట. సాయంత్రం చేలో మంద కదలబోయే ముందు బాపు గొర్లను లెక్కపెడతాడు. లెక్క సరిపోయాక కుక్కతో అంటాడు, "అన్నీ ఒచ్చినయ్, ఇంటికి పోదాం పా." అప్పుడు లేస్తుంది. అన్నిటికంటే వెనక నడుస్తుంది. దొడ్డిలోకి అందరూ పోయాక అది పోతుంది.

ఆ రెండో మాట మీద బాపుకు ఒక నియమం ఉంది. అది నాకు ఎట్లా తెలిసిందో కూడా చెప్పాలి. ఫౌజులోకి పోకముందు సంవత్సరం, నాకు ఇరవై ఏళ్లు. ఒక సాయంత్రం బాపుకు జ్వరం, మందను నేను మేపాను. కోస్గిలో దోస్తులు ఎదురుచూస్తున్నారు. తొందరలో లెక్కపెట్టకుండానే ఆ మాట అనేశాను. మా కుక్క కర్రెగాడు లేచి నా వెంట వచ్చాడు. కంది చేనులో ఒక తల్లి గొర్రె ఈనుతోంది, నేను చూడలేదు. తెల్లారి పోతే తోడేళ్లు మిగిల్చింది బొచ్చు, కాళ్లు. బాపు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "గొర్రె పోతే పోయింది," అన్నాడు. "కర్రెగాడు నిన్ను నమ్మిండు గద కొడుకా. లెక్క సూడకుండ ఆ మాట అనకు. ఆడు లెక్కపెట్టలేడు. మనం చెప్పిందే ఆనికి లెక్క."

ఆ మాట తర్వాత రెండు రోజులు కర్రెగాడి ముఖం చూడలేకపోయాను. మూడో నాడు వాడే వచ్చి నా కాళ్ల దగ్గర పడుకున్నాడు. దానితో ఇంకా సిగ్గేసింది.

బొల్లి రెండు మాటలూ నాలుగు నెలల్లో నేర్చుకుంది. మిగతా పోస్టుల కుక్కలు పెట్రోలింగ్‌లో ముందు నడుస్తాయి. మాది వెనక నడిచేది. చివరి మనిషి బంకరులోకి పోయేదాకా తలుపు తెర దగ్గర నిలబడేది. తలుపంటే మందపాటి కంబళి తెర. చివరి మనిషి పోయాక మూతితో తెర తోసుకుని అది వచ్చేది. బయట సున్నాకు ముప్పై డిగ్రీల కింద చలి ఉన్నా ఇదే వరస. సుబేదార్ సాబ్ మా పోస్టు పెద్ద, మాట తక్కువ మనిషి. ఆయన ఒకరోజు దాన్నే చూస్తూ నిలబడి, ఈ పోస్టులో పద్ధతి తప్పనిది ఇదొక్కటే అని లోపలికి పోయాడు. ఆ మాట మాకు తగలాలనే అన్నాడు.

నవంబరు పంతొమ్మిదిన రేషన్ కోసం సగం దారి దిగాం. ఎనిమిది మందిమి, వెనక బొల్లి. ఒక జవానుకు జ్వరం వస్తే వాడి బదులు వంట అన్న వచ్చాడు. బరువులు ఎత్తుకుని తిరిగి ఎక్కుతుంటే మధ్యాహ్నం మూడింటికి గాలి మారింది. పది నిమిషాల్లో మంచు పొడి. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. నాలుగు గంటల ఐదు నిమిషాలకు పలక రాయి చేరాం. లోపలికి పదండి, త్వరగా, అని సుబేదార్ సాబ్ అరిచాడు. నన్ను కలుపుకుని ఆకారాలు లెక్కపెట్టాను. ఎనిమిది. కింద తెల్లటి గాలిలోకి తిరిగి గొంతు చించుకుని అరిచాను, "బొల్లీ! అన్నీ ఒచ్చినయ్, ఇంటికి పోదాం పా!"

రాలేదు. కిందెక్కడో మొరిగింది.

ఆ కుక్క మొరగగా నేను అంతకుముందు వినలేదు. మళ్లీ అరిచాను. మళ్లీ మొరిగింది, అక్కడి నుంచే. నాకు ఒళ్లు మండింది. నేర్పిన మాట ఇప్పుడే మరిచిందా అనుకున్నాను. అప్పుడు కంది చేను గుర్తొచ్చింది. ఈసారి ఒక్కొక్కడి భుజం పట్టుకుని లెక్కపెట్టాను. నాతో కలిపి ఏడు. ఎనిమిదో ఆకారం రాయికి ఆనించిన కిరోసిన్ డబ్బాల కట్ట.

తాడు కట్టుకుని ఇద్దరం దిగాం. మొరుగుడే దారి చూపింది. అరవై అడుగులు కూడా లేదు. వంట అన్న బండకు ఆనుకుని కూర్చున్నాడు. చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టాడు. నవ్వుతున్నాడు. బొల్లి అతని పాదాల మీద అడ్డంగా పడుకుని ఉంది.

"జర కూసుంట తమ్మీ," అన్నాడు. "మస్తు ఎచ్చగున్నది."

అంత చలిలో వెచ్చగా ఉందంటే మనిషి పోతున్నాడని అర్థం. మాకు నేర్పారు. ఈడ్చుకుని తెచ్చాం. బతికాడు. ఎడమ చేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. నాలుగో నాడు హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది, మళ్లీ పోస్టుకు రాలేదు. ఇప్పుడు మోత్కూరులో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాడు. దోసె తిరగేసేటప్పుడు ఆ చెయ్యి చూస్తాను.

ఆ పూట నేను బొల్లిని ఒళ్లో పెట్టుకుని దాని పాదాల మధ్య ఇరుక్కున్న మంచు గడ్డలు తీశాను. సిగ్గుపడ్డాను, గర్వపడ్డాను కూడా. కర్రెగాడు నన్ను నమ్మి మోసపోయాడు. ఇది నమ్మలేదు. లెక్క దానికి తెలుసు.

మార్చి చివర మా బదిలీ ఉత్తర్వు వచ్చింది. కొత్త దళం ఎక్కింది. రెండు రోజులు అప్పగింతలు. సెట్లు రెండు, బ్యాటరీలు తొమ్మిది, ఏరియల్, ఛార్జర్, లాంతరు, అన్నీ చూపి సంతకం తీసుకున్నాను. కొత్త ఆపరేటర్ కొండ ప్రాంతం పిల్లగాడు, నెమ్మదస్తుడు. ప్రతిదీ రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. బొల్లి గురించి అడిగితే ఏం తింటుందో చెప్పాను, చివరన నడుస్తుందని చెప్పాను. ఆ రెండు మాటల సంగతి చెప్పలేదు. ఎవరి కుక్క భాష వాళ్లది, వాళ్లే నేర్పుకుంటారనుకున్నాను. అట్లా అనుకోవడం తప్పని అప్పుడు తోచలేదు.

తీసుకుపోదామని రెండు వారాలు ఆలోచించాను. సుబేదార్ సాబ్‌ను అడిగాను కూడా. పోస్టు కుక్క పోస్టుదే అన్నాడు. ఆయన ఒప్పుకున్నా నేను తేగలిగేవాణ్నా? అంత బొచ్చు ఉన్నదాన్ని కోస్గి ఎండల్లో మే నెలలో ఏ నీడన పెట్టను? ఈ లెక్క సరైందే. ఇప్పుడు కూడా సరైందే అంటాను. కానీ ఆ రెండు వారాలు ప్రతి పొద్దునా దాన్ని మా వేప చెట్టు కింద ఊహించుకున్నాను. కర్రెగాడి పక్కన.

ఏప్రిల్ ఒకటి, పొద్దున ఆరు నలభై. దిగడం మొదలుపెట్టాం. రెండు వందల గజాలు పోయాక వెనక్కి చూస్తే, మా అందరి వెనకా అది. ఎప్పటి వరసలోనే, పెట్రోలింగ్ పోతున్నట్టే. నేను ఆగాను. వెనక్కి ఎక్కి, దాన్ని పలక రాయి దాకా తీసుకుపోయాను. ఏం చెయ్యాలో తోచలేదు. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"కావలుండు."

కూర్చుంది. నేను దిగిపోయాను. వెనక్కి చూస్తే కాళ్లు కదలవని చూడలేదు.

ఏప్రిల్ నాలుగున పొద్దున ఏడుంబావుకు పోస్టు నుంచి రోజువారీ సమాచారం వచ్చింది. బేస్‌లో సెట్టు మీద నేనే ఉన్నాను. అన్నీ చెప్పాక కొత్త ఆపరేటర్ ఆగాడు. మీ బోలీ బాగాలేదు అన్నాడు. మీరు దిగిన నాటి నుంచి ఆ రాయి మీదే ఉంది. లోపలికి రాదు, పెట్టింది ముట్టదు. పక్కన మంచు నాకుతుంది, అంతే. నిన్న ఇద్దరం ఎత్తబోతే తొడుగు చింపేసింది. ఈ రాత్రికి పెద్ద మంచు ఉంది, హెచ్చరిక మీ దగ్గరి నుంచే వచ్చింది గదా. ఆఖరికి మెల్లగా అడిగాడు, మీరు దానితో ఏం మాట్లాడతారు అని.

మూడు రోజులుగా అది నా ఆజ్ఞ మీద కూర్చుని ఉంది. విడుదల మాట చెప్పకుండా వచ్చేశాను. దాన్ని చంపడానికి అవసరమైనవన్నీ నేనే నేర్పాను. జాగా వదలొద్దని నేర్పాను, పరాయి కూడు ముట్టొద్దని నేర్పాను.

మాట చెప్పి పంపాను. ఆపరేటర్ కాగితం మీద రాసుకుని, రాయి దగ్గరికి పోయి చదివాడట. పది నిమిషాలకు తిరిగొచ్చాడు. "అనీ ఒచినే, ఇంటీకీ పోదామ్ పా" అని వాడి నోట విన్నాను. నవ్వు రావాల్సింది. చెవి కూడా కదపలేదు అన్నాడు. ఎట్లా కదుపుతుంది? పరాయి గొంతుకు కదలొద్దని కూడా నేనే నేర్పాను.

సుబేదార్ సాబ్ దగ్గరికి పరుగెత్తాను. పైకి ఎక్కివస్తానన్నాను. కుదరదన్నాడు. మధ్యాహ్నం రెండింటికి మా ట్రక్కులు కదులుతాయి, మంచు హెచ్చరికతో బాట మూసేశారు. అయితే సెట్టు మీద నేనే మాట్లాడతానన్నాను. సెట్టు మీద సొంత మాటలు మాట్లాడినందుకు అదే మనిషి జనవరిలో ఒకణ్ని వారం పాటు మంచు తోడించాడు. కాసేపు నేల చూశాడు. పోస్టులో ఉన్నవాళ్ల గురించి మాట్లాడితే అది సొంత మాట కాదు అన్నాడు. రెండు నిమిషాలు ఇస్తున్నాను అన్నాడు.

అనుమతి దొరికింది. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం.

ఏమని చెప్పను? అన్నీ ఒచ్చినయ్ అని చెప్పాలి. రాలేదు గదా. నేను రాలేదు. దాని లెక్కలో పోస్టు నుంచి దిగి తిరిగి రానివాణ్ని నేనే. ఇంటికి పోదాం పా అని చెప్పాలి. ఏ ఇంటికి? నవంబరులో తెలియక తప్పు చెబితే నమ్మలేదు, ఒక మనిషి బతికాడు. ఇప్పుడు తెలిసి అబద్ధం చెప్పాలి. నమ్మకపోతే అది చస్తుంది. నమ్మితే బాపు ముఖం ఎట్లా చూడను? గంట సేపు ట్రక్కుల చుట్టూ తిరిగాను.

పన్నెండున్నరకు ఆపరేటర్ సెట్టును వీపున వేసుకుని బంకరు బయటికి వచ్చాడు. బ్యాటరీ చలికి పడిపోకుండా అప్పటిదాకా కోటు లోపల పెట్టుకున్నాడు. ప్రతి అడుగూ చెప్పాడు. రాయి దగ్గర ఉన్నాను. సెట్టు రాయి మీద పెట్టాను. గొంతు పెద్దగా పెట్టాను. అది కింది బాట వైపే చూస్తోంది. మాట్లాడండి.

స్విచ్ నొక్కాను. "బొల్లీ," అన్నాను.

వదిలాను. కాసేపు గరగర. చెవులు లేచాయి అన్నాడు. తల తిప్పింది. సెట్టును వాసన చూస్తోంది. సెట్టు వెనక్కి పోయి చూస్తోంది.

సుబేదార్ సాబ్ నా పక్కనే నిలబడి గడియారం చూస్తున్నాడు. మళ్లీ నొక్కాను. బాపు ఎట్లా అంటాడో అట్లాగే అనాలి, చివర పా దగ్గర గొంతు పైకి లేపాలి. లేవలేదు. అయినా అన్నాను.

"అన్నీ ఒచ్చినయ్ బొల్లీ. ఇంటికి పోదాం పా."

గరగర. తర్వాత ఆపరేటర్ గొంతు. లేచింది. ఒళ్లు దులుపుకుంది. నేను నడుస్తున్నాను, నా వెనక వస్తోంది. బంకరు దగ్గరికి వచ్చాం. నేను లోపలికి పోతున్నాను.

ఆగాడు. సాబ్, అన్నాడు, ఇది లోపలికి రావడం లేదు. తెర దగ్గర నిలబడింది. పక్కకు జరిగి నిలబడింది. వెనక్కి చూస్తోంది. ఇక్కడ ఎవరూ లేరు, ఏం చెయ్యమంటారు?

నాకు అర్థమైంది. చివరి మనిషి పోయాకే అది పోతుంది. ఆపరేటర్ పోయాడు. ఇంకొకడు ఉన్నాడు. నా గొంతు విన్నది గదా, నేను వచ్చాననుకుంది. నేను ముందు పోవాలని దారి ఇచ్చింది.

రెండు నిమిషాలు ఎప్పుడో దాటాయి. సుబేదార్ సాబ్ కోటు చెయ్యి గడియారం మీదికి లాక్కుని గోడ మీది మ్యాపు వైపు తిరిగాడు. నేను స్విచ్ నొక్కి ఆపరేటర్‌తో చెప్పాను. తెర పైకి ఎత్తు. ఒక మనిషి వంగి లోపలికి వచ్చేంత సేపు పట్టుకో. తర్వాత వదులు.

ఎందుకని అడగలేదు వాడు. మంచి పిల్లగాడు. ఎత్తాను అన్నాడు. చలిగాలి లోపలికి కొడుతున్న చప్పుడు సెట్టులో వినపడింది. నాలుగు సెకన్లో, ఐదో. వదిలాను అన్నాడు. తర్వాత, వచ్చింది సాబ్, మూతితో తెర తోసుకుని వచ్చింది అన్నాడు. మీ పాత మంచం కింద పడుకుంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పక్కన ఉన్నవాళ్లు బ్యాటరీలు సర్దుతున్నట్టు నటించారు. రెండింటికి ట్రక్కులు కదిలాయి. ఆ సాయంత్రం దారిలో ఒక చోట సెట్టు మీద కబురు అందింది. నా తొడుగు పాతది ఒకటి మంచం కింద ఉండిపోయిందట, దాని మీద పెట్టి ఇస్తే తిన్నది. తర్వాత మెల్లగా కొత్తవాళ్ల చేతి కూడు కూడా తిన్నదని, పెట్రోలింగ్‌లో చివరన నడుస్తోందని ఒకసారి విన్నాను. అంతే. ఆపైన ఆ దళం కూడా దిగిపోయింది. ఆపరేటర్ నంబరు మారింది. బొల్లి ఏమైందో నాకు తెలియదు.

జూన్‌లో సెలవు మీద ఇంటికి వచ్చాను. సర్కారు గొర్లు పంచిన ఏడు అది. ఊర్లో ఎటు చూసినా కొత్త గొర్లే. మూడో రోజు బాపుతో చేలోకి పోయాను. కర్రెగాడు ముసలివాడయ్యాడు, నన్ను చూసి తోక ఊపాడే గానీ లేవలేదు. కావలి మీద ఉన్నాడు. మోదుగ చెట్టు కింద కూర్చుని బాపుకు అంతా చెప్పాను. నవంబరు చెప్పాను, ఏప్రిల్ చెప్పాను. అబద్ధం ఆడానని చెప్పాను. బాపు గొంగడి అంచు పట్టుకుని నలుపుతూ విన్నాడు. ఆఖరికి ఒకటే అడిగాడు.

"నమ్మిందా?"

"నమ్మింది బాపు."

తల ఊపాడు. తిడితే బాగుండేది. లేచి గొర్లను లెక్కపెట్టాడు. లెక్క అయ్యాక మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. అంతకుముందు ఎన్నడూ రెండుసార్లు పెట్టలేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు అను ఇయ్యాల," అన్నాడు.

నా నోరు పెగల్లేదు. కర్రెగాడు నన్నే చూస్తున్నాడు. ఆఖరికి బాపు తానే అన్నాడు. కర్రెగాడు లేచాడు.

ఫౌజు నుంచి వచ్చి నాలుగేళ్లయింది. కర్రెగాడు పోయాడు, వాడి మనవడు ఉన్నాడు. బాపుకు మోకాళ్లు నొస్తాయి, మందను ఇప్పుడు నేనే తోలుతున్నాను. సాయంత్రం రెండుసార్లు లెక్కపెట్టి ఆ మాట నేనే అంటున్నాను. అనక తప్పదు, కుక్కకు వేరే మాట రాదు. కానీ అన్న ప్రతిసారీ నాకు పలక రాయి మీద మంచులో కూర్చున్న ఆ వీపు కాదు, తెర దగ్గర పక్కకు జరిగి, నేను ముందు పోవాలని నిలబడిన ముఖం కనపడుతుంది. ఇప్పటికి బతికి ఉండదు. ఉంటే బాగుండునని రోజూ అనుకుంటాను.

దొడ్డి దగ్గర గొర్లన్నీ లోపలికి పోతాయి. వెనక కుక్క పోతుంది. నేను కంప గేటు వెంటనే ముయ్యను. ఒక మనిషి వంగి లోపలికి పోయేంత సేపు పట్టుకుని నిలబడతాను. మొదట్లో బాపు గడప మీది నుంచి అడిగేవాడు, ఎవరన్న ఒస్తున్నరా అని. ఇప్పుడు అడగడు. నేను గేటు వదిలేదాకా ఆయన కూడా లైటు ఆర్పకుండా కూర్చుంటాడు.